పాత జీపుకు కొత్త బ్రేకులు అవసరమా?

(బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి)

ఘర్షణ అంటే మనకు ఫిజిక్సులో ఒక ప్రశ్న. వాలుతలం మీద ఒక దిమ్మె, దాని కింద మ్యూ అనే గ్రీకు అక్షరం, పక్కన రెండు బాణం గుర్తులు. పరీక్ష అయిపోగానే ఆ దిమ్మెను అక్కడే వదిలేసి హాస్టలుకు వచ్చేస్తాం. మా యింట్లో మాత్రం ఆ దిమ్మెకు నాలుగు చక్రాలున్నాయి. దానిమీద మా అమ్మ, చెల్లెలు, మిరపకాయల బస్తాలు ఎక్కుతాయి. అంచేత ఈ వ్యాసంలోని లెక్కలు మార్కుల కోసం వేసినవి కావని మిత్రులకు ముందే మనవి చేస్తున్నాను.

మాది 1974లో తయారైన మహీంద్రా సి.జె.3బి జీపు. ఈ నమూనాను మొదట అమెరికాలో విల్లీస్ వారు 1953లో తెచ్చారు. తర్వాత మన దేశంలో మహీంద్రా వారు చాలా ఏళ్ళు తయారుచేశారు. మా తాత దీన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రైవరు పాదం కింద, ఛాసిస్ పక్కన, ఒకే ఒక మాస్టర్ సిలిండరు. బూస్టరు లేదు. కాలిబలమే బలం.

పోయిన ఏడాది మా యింట్లో తగువు వచ్చింది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించాలని చిన్నాయన పట్టు పట్టాడు. "మోటారుసైకిళ్ళకే డిస్కులు వస్తుంటే మనం ఇంకా డ్రమ్ములతో వేలాడాలా?" అన్నాడు. "యాభై ఏళ్ళు ఆగిన బండి ఇప్పుడెందుకు ఆగదు? ఆ డబ్బుతో బోరు మోటారు రెండుసార్లు చుట్టించొచ్చు" అన్నాడు నాయన. ఇద్దరూ కలిసి, "సైన్సు చదివేవాడివి గదా, నువ్వు తేల్చు" అని నా మెడకు చుట్టారు.

అసలు బ్రేకు చేసే పని ఏమిటి? బండి గతిశక్తిని వేడిగా మార్చడం. అంతకుమించి ఏమీ లేదు. జీపు, మనుషులు, బస్తాలు అన్నీ కలిపి 1,400 కిలోలు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి సుమారు 86 వేల జౌళ్ళు. 60లో 1 లక్షా 94 వేలు. 80లో దాదాపు 3 లక్షల 46 వేలు. వేగం రెట్టింపు అయితే శక్తి నాలుగు రెట్లు. సూత్రం అందరికీ వచ్చు, కాని స్టీరింగు పట్టుకున్నప్పుడు అది గుర్తుండేవాళ్ళు తక్కువ.

ఇక బండిని నిజంగా ఆపేది టైరు. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. చక్రం రోడ్డును పట్టుకుని బండిని ఆపుతుంది. పొడి తారురోడ్డు మీద మ్యూ విలువ 0.7 అనుకుంటే, 60 వేగంలో ఆగడానికి 20 మీటర్లు కావాలి. మనం ప్రమాదాన్ని చూసి పెడలు తొక్కేలోపల పోయే ఒక సెకనుకు మరో 17 మీటర్లు. ఈ 20 మీటర్లలో బండి బరువుకు గాని, డిస్కా డ్రమ్మా అన్నదానికి గాని చోటు లేదు. డ్రమ్ము బ్రేకు చక్రాన్ని స్తంభింపజేసేటంత గట్టిగా పట్టగలిగితే చాలు, అక్కడితో దాని పని అయిపోయింది. ఆపైన డిస్కు వేసినా టైరు అంతకంటె పట్టదు. సన్నటి, గట్టిపడిపోయిన టైర్లున్న జీపుకు డిస్కులు బిగించడం పాత తాడు మార్చకుండా కొత్త చేద కొనడం వంటిది.

అట్లాగని డిస్కులో గొప్పదనం లేదనడం అన్యాయం. డిస్కు బ్రేకుకు 1902లోనే ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వారు కారు గెలిచిన తర్వాత లోకం దానివైపు తిరిగింది. దాని గొప్పదనం ఒక్కసారి ఆగడంలో కంటె మళ్ళీ మళ్ళీ ఆగడంలో వుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. లోపలి వేడి బయటికి పోదు. లైనరు పట్టు తగ్గుతుంది. డిస్కు గాలిలో తెరుచుకుని వుంటుంది. అది వ్యాకోచించినా ప్యాడ్లవైపే ఉబ్బుతుంది. వాగు దాటిన తర్వాత డిస్కు మీది నీళ్ళు రెండు చుట్లలో తుడిచిపెట్టుకుపోతాయి. డ్రమ్ములో నీళ్ళు నిలిస్తే, పెడలు మీద కాలు తేలిగ్గా ఆనించి కొంతదూరం నడిపి ఆరబెట్టుకోవాలి. నల్లరేగడి బురదలో తిరిగేవాళ్ళకు ఇది అనుభవమే.

కాని డ్రమ్ముకు వున్న ఒక సుగుణం డిస్కుకు లేదు. చేతికర్రను ముందుకు వాల్చి నేలమీద తోస్తూ నడవండి, అది నేలకు గుచ్చుకుంటుంది. అదే కర్రను వెనక్కు వాల్చి ఈడ్చండి, జారుతూ వస్తుంది. డ్రమ్ములో రెండు షూలూ అంతే. ముందు షూను తిరిగే డ్రమ్మే తనవైపు లాక్కుని ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది. వెనక షూను తోసివేస్తుంది. ముందు షూ చేసే ఈ సాయంవల్లనే బూస్టరు లేకపోయినా మా అమ్మ కూడా జీపు ఆపగలుగుతున్నది. డిస్కులో ఈ సాయం లేదు. అంత పట్టు రావాలంటే ప్యాడ్లను చాలా ఎక్కువ బలంతో నొక్కాలి.

ఆ బలం ఎక్కడినుంచి రావాలి? పాస్కల్ సూత్రం చూద్దాం. కాలితో 30 కిలోల బలం వేస్తే, పెడలు తులాదండం దాన్ని అయిదు రెట్లు చేసి 150 కిలోలుగా పిస్టను మీదికి పంపుతుందనుకుందాం. ఒక అంగుళం వ్యాసమున్న పిస్టను వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లు. అంటే గొట్టాల్లో పీడనం చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు. డ్రమ్ముకు ఇది చాలు. డిస్కుకు చాలదు గనుక ఇంజను వాక్యూముతో పనిచేసే బూస్టరు కావాలి. దాన్ని పెట్టడానికి చోటు కావాలి. పైగా పాత మాస్టర్ సిలిండరులో, షూల వాషర్లు వదులు కాకుండా గొట్టాల్లో కొద్దిపాటి పీడనం నిలిపే వాల్వు ఒకటి వుంటుంది. దాన్ని తీయకుండా డిస్కు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ ఒరుసుకుంటూనే వుంటాయి, వేడెక్కుతాయి.

ముందు, వెనక బ్రేకుల మధ్య పొత్తు మరొక సమస్య. జీపు పొట్టిది. చక్రాల ఇరుసుల మధ్య 80 అంగుళాలే. బరువు కేంద్రం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో వుందనుకుంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మొత్తం బరువులో నాలుగో వంతుకు దగ్గరగా, అంటే సుమారు 340 కిలోలు, వెనకనుంచి ముందుకు మారుతుంది. అప్పుడు తేలికైన వెనక చక్రాలు ముందుగా స్తంభిస్తే బండి తోక తిప్పుతుంది. కంపెనీవాళ్ళు ముందు వెనక వీల్ సిలిండర్ల కొలతలు చూసి చూసి పెట్టింది ఇందుకే. ముందు డిస్కు, వెనక పాత డ్రమ్ము పెట్టి, వెనక పీడనం సరిచూడకుండా వదిలేస్తే ఆ పొత్తు చెడుతుంది. డిస్కు అనేది ఒక సామాను కాదు, ఒక ఏర్పాటు. మొత్తం మారిస్తే మంచిదే. సగం మారిస్తే పాతదే నయం.

ఇంతకీ చిన్నాయనకు డిస్కుల మీద మనసు ఎందుకు పడిందో చెప్పలేదు. సంక్రాంతికి ముందు ఆయన నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వస్తూ నల్లమల ఘాటు దిగుతున్నాడు. వెనక మా చెల్లెలు కూడా వుంది. సగం దిగాక పెడలు మెత్తగా నేలకు దిగిపోయింది. పంపు కొట్టినా లేవలేదు. గేరు తగ్గించి, కొండవైపు చరియకు ఆనించి ఎట్లాగో ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గంటసేపు కూర్చుని మళ్ళీ తొక్కితే పెడలు గట్టిగా వచ్చింది! ఆయిలు ఎక్కడా కారలేదు. "డ్రమ్ములు పనికిరావు" అని చిన్నాయన అప్పుడే తీర్పు చెప్పేశాడు.

నాకు ఆ గంట మీదే అనుమానం. డ్రమ్ములు వేడెక్కి లైనర్ల పట్టు తగ్గితే పెడలు గట్టిగానే వుంటుంది, బండి మాత్రం ఆగదు. ఇక్కడ పెడలే కుంగింది. వాషరో గొట్టమో పోతే, చల్లారినంత మాత్రాన బాగుపడదు. మిగిలింది ఒకటే: బ్రేకు ఆయిలు మరిగింది. ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడలు తిరిగి వస్తుంది. బ్రేకు ఆయిలుకు గాలిలో చెమ్మ పీల్చుకునే గుణం వుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా వున్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదు. చెమ్మ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. మా జీపులో ఆయిలు మార్చి ఎన్నేళ్ళయిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. తీసి చూస్తే చింతపండు పులుసు రంగులో వుంది.

వేడి లెక్క కూడా చూడండి. 300 మీటర్ల ఎత్తునుంచి జీపు దిగితే 41 లక్షల జౌళ్ళు వదిలించుకోవాలి. అంటే 60 వేగం నుంచి 21 సార్లు ఆపినంత పని. ఒక్కో డ్రమ్ము ఆరు కిలోలనుకుని, ఈ వేడంతా నాలుగు డ్రమ్ములే మింగితే వాటి ఉష్ణోగ్రత 370 డిగ్రీలు పెరగాలి. గాలి కొంత తీసుకుపోతుంది గనుక అంత పెరగదు. కాని ఇందులో పెద్దవాటా తీసుకోవలసింది ఇంజను. రెండో గేరులో దిగితే అది తీసుకుంటుంది. టాప్ గేరులో పెడలు మీద కాలు పెట్టి దిగితే అంతా డ్రమ్ముల నెత్తినే. ఏ గేరులో దిగావని చిన్నాయనను అడిగాను. "అదంతా ఇప్పుడెందుకులేరా" అన్నాడు.

మా వూరి దగ్గరి మేస్త్రి పెద్దవాడు, జీపులతోనే జుట్టు నెరిసినవాడు. నాలుగు డ్రమ్ములూ విప్పించాం. ఒక వెనక చక్రానికి ఇరుసు సీలు కారి లైనరంతా నూనె. అంచేతనే బండి ఒక పక్కకు లాగుతున్నది. రబ్బరు గొట్టాలు వేళ్ళతో వంచితే పగుళ్ళు. "కొత్త చెప్పులు తొడిగితే మోకాళ్ళ నొప్పి పోతుందా బాబూ?" అన్నాడాయన. ఆయన పద్ధతిలో ఒకటి మాత్రం నేను ఒప్పుకోలేదు. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదబోయాడు. పాత లైనర్లలో ఆస్బెస్టాసు వుంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిపించాను. షెడ్లలో కంప్రెసరు గాలితో ఊదే కుర్రవాళ్ళకు ఈ మాట ఎవరైనా చెప్పాలి. అవసరానికి ఇంజను ఆయిలు పోసి నడిపించడం కూడా పల్లెల్లో చూస్తుంటాం. అది రబ్బరు వాషర్లను ఉబ్బించి మొత్తం పాడుచేస్తుంది.

నాకు నిజంగా భయం వేసింది డ్రమ్ముల సంగతి కాదు, ఒకే మాస్టర్ సిలిండరు సంగతి. నాలుగు చక్రాలకూ ఒకే గది నుంచి ఆయిలు పోతుంది. ఏ మూల గొట్టం చిట్లినా నాలుగూ పోతాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లన్నిటికీ రెండు వేరు వేరు దారులుండాలని నిబంధన పెట్టింది ఇందుకే. ఒక దారి పోయినా రెండోది బండిని ఆపుతుంది. "హ్యాండు బ్రేకు వుంది గదా" అంటారు. జీపు హ్యాండు బ్రేకు చక్రాల మీద పనిచేయదు, వెనకకు పోయే షాఫ్టును పట్టుకుంటుంది. నిలిపిన బండికి అది మేలే. కాని ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపితే డిఫరెన్షియల్ వల్ల ఆ పట్టు పోయి బండి దొర్లవచ్చు. చక్రం కింద రాయి పెట్టే మన అలవాటు మంచి సైన్సే.

చట్టం సంగతీ చూడాల్సి వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు కంపెనీవారి అసలు వివరాలతో తేడా పడేటట్టు బండిని మార్చకూడదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో వున్న సొంత వాహనాలకు వింటేజి కింద వి.ఏ. అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. మా జీపుకు ఆ వయస్సు వచ్చింది. చిన్నాయనకు ఆ నంబరు మీదా మోజు వుంది. కాని ఆ నంబరు బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. మిరపకాయలు మోసే బండికి ఆ గౌరవం ఎందుకు? అది చెప్పేసరికి ఆ మాట అంతటితో ఆగింది.

చివరికి నేను రాసిచ్చిన చీటీ ఇది: డిస్కులు వద్దు. నాలుగు చక్రాలకు కొత్త లైనర్లు, వీల్ సిలిండర్ల వాషర్లు, ఇరుసు సీళ్ళు, రబ్బరు గొట్టాలు, కొత్త ఆయిలు వేయాలి. ఒంటి గది సిలిండరు తీసి, రవాణా కార్యాలయంలో అడిగిన తర్వాత, తర్వాతి జీపుల్లో వచ్చిన రెండు గదుల మాస్టర్ సిలిండరు పెట్టాలి. ముందుకు ఒక దారి, వెనకకు ఒక దారి. నాయన ఖర్చు చూసి మొదటిదానికి సరేనని రెండోదానికి గొణిగాడు. "ఘాటులో వున్నది నీ కూతురే" అని అమ్మ ఒక్కమాట అనేసరికి దానికీ ఒప్పుకున్నాడు. కార్యాలయంలో అభ్యంతరం లేదన్నారు. పాత సిలిండరును గుడ్డలో చుట్టి దాచాం, ఎప్పుడైనా అసలు రూపం కావాలంటే వుంటుందని.

పనికి ముందూ తర్వాతా తెల్లవారుజామున వూరి బయట ఖాళీ రోడ్డు మీద టేపుతో కొలిచాం. 40 వేగంలో ముందు 19 మీటర్లు పట్టింది. తర్వాత అవే టైర్లతో 12. లెక్క ప్రకారం 9 చాలు. మిగిలిన మూడు మీటర్లలో టైర్ల వాటా ఎంతో వాటిని మార్చిన రోజున తేలుతుంది. అవి ఈ మిరప డబ్బు చేతికి వచ్చాక. ఆయిలు మార్చిన తేదీని చిన్నాయన జీపు టూల్ బాక్సు మూత లోపల పెయింటుతో రాయించాడు. రెండేళ్ళకొకసారి మార్చాలని దాని కింద నేను రాశాను.