జుగుప్స - పదార్థ విచారము

జుగుప్స యనగా తీవ్రమైన యేవగింపు. ఈ సంస్కృత పదమునకు మూలము ‘గుప్’ ధాతువు. ఆ ధాతువునకు కాపాడుట యని యర్థము. గోప్త, గుప్తము, గోపనము అను పదములు దీనినుండియే పుట్టినవి. ధాతువుపై ‘సన్’ ప్రత్యయము చేరిన సాధారణముగా కోరిక యను అర్థము వచ్చును. పిపాస యనగా త్రాగగోరుట. జిజ్ఞాస యనగా తెలిసికొనగోరుట. కాని గుప్ ధాతువునకు సన్ చేరినపుడు నింద యను అర్థము కలుగునని వైయాకరణులు చెప్పిరి. తన్ను కాపాడుకొనుటకై తొలగిపోవుటయే యేవగింపుగా పరిణమించెనని ఊహింపవచ్చును.

తెలుగున దీనికి సమీపమైన పదములు ఏవ, ఏవగింపు, రోత. అసహ్యమనగా సహింపరానిది. వస్తువును తెలుపు నీ పదము మన వాడుకలో మనసులోని భావమునకును పేరైనది. ద్వేషము వేరు, జుగుప్స వేరు. ద్వేషము ఎదుటివానిపైకి పోవును. జుగుప్స వానినుండి తొలగిపోవును. ద్వేషించువాడు కలహించును, ఏవగించువాడు ముఖము త్రిప్పుకొనును.

భరతుడు నాట్యశాస్త్రమున జుగుప్సను బీభత్సరసమునకు స్థాయిభావముగా చెప్పెను. ఆ రసమునకు వర్ణము నీలము, అధిదేవత మహాకాలుడు. అర్జునునకు బీభత్సుడను పేరు కలదు. యుద్ధమున రోత పుట్టించు పని చేయనివాడగుటచే తన కా పేరు వచ్చెనని విరాటపర్వమున అతడే ఉత్తరునకు వివరించెను. ఇచట జుగుప్స పరులపై గాక తన దుష్కార్యముపై నిలిచినది.

సర్వభూతములను తనయందును, తన్ను సర్వభూతములందును చూచువాడు దేనిని ఏవగింపడని ఈశావాస్యోపనిషత్తు తెలుపుచున్నది. బసవేశ్వరుడు ఏడు నిషేధములను చెప్పిన ప్రసిద్ధ వచనమున అన్యులయెడ అసహ్యపడుటను దొంగతనము, హింస, అసత్యములతోపాటు చేర్చెను. అసహ్యము మనసులోని భావమే యైనను, ఆయన దృష్టిలో అదియును విడువవలసిన దోషమే.

12వ శతాబ్దమున కల్యాణనగరమున, చెప్పులు కుట్టు కులమున పుట్టిన హరళయ్యయు, బ్రాహ్మణుడైన మధువరసును వియ్యమందిరనియు, అందులకై కఠినశిక్షకు గురియైరనియు శరణ సంప్రదాయము చెప్పును. పుట్టుకను బట్టి కలుగు రోత ఎంతటి ఘాతుకమునకు దారితీయునో ఈ వృత్తాంతమున తెలియును.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. శాసనము చేతను ఆపగలదు; మనసులోని రోతను ఎవరికి వారే తొలగించుకొనవలెను. చెడుపనిని ఏవగించుట వివేకము. తోడిమనుజుని ఏవగించుట పాపము. పదార్థ మెరిగినవారు ఈ భేదమును మరువరాదు.