చెర విడిపించిన తరువాత

దివ్య ఖుర్ఆన్ అన్-నూర్ సూరాలోని 33వ ఆయత్ ఒక వ్యాపారాన్ని నిషేధించింది. ప్రాపంచిక లాభం కోసం బానిస స్త్రీలను వ్యభిచారానికి బలవంతపెట్టరాదన్నది అందులోని ఆజ్ఞ. మదీనాలో కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై తన బానిస స్త్రీలను ఇలా పీడించినప్పుడు ఈ ఆజ్ఞ అవతరించిందని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది. ఆ ఆయత్ చివరి మాటలను మనం మరింత శ్రద్ధగా చదవాలి. బలవంతానికి గురైన స్త్రీలకు అక్కడ అల్లాహ్ క్షమను, కరుణను వాగ్దానం చేశాడు. అంటే నేరం బలవంతపెట్టిన వాడిదే. అల్లాహ్ కరుణించిన ఆడబిడ్డను మన వీధి, మన బంధువర్గం వెలివేయడం ఏ ధర్మం?

ఈనాటి రూపం

బానిసల సంత పోయింది గాని ఆ వ్యాపారం పోలేదు. కదిరి ప్రాంతపు కరువు పల్లెల నుంచి ఇళ్లలో పని ఇప్పిస్తామని చెప్పి స్త్రీలను పెద్ద నగరాలకు తరలించి అమ్మారు. హైదరాబాదు పాతబస్తీలో ఇదే వ్యాపారం నికాహ్ ముసుగు వేసుకుంది. 1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నారిని ఎయిర్‌హోస్టెస్ గమనించి కాపాడింది. ఆ పాపను తీసుకెళ్తున్న 'భర్త' వయసు మళ్లిన సౌదీ దేశస్థుడు. 2017 సెప్టెంబరులో కూడా ఇలాంటి పెళ్లిళ్ల కేసులో హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతార్ దేశస్థులను, దళారులను, ఖాజీలను అరెస్టు చేశారు.

పద్ధతి దాదాపు ఒకటే. అప్పుల్లో ఉన్న ఇంటిని దళారి కనిపెడతాడు. అమ్మాయి వయసు ఎక్కువ చేసి రాయిస్తాడు. ఆమె హక్కయిన మహర్‌ను నలుగురూ పంచుకుంటారు. కొన్ని కేసుల్లో నికాహ్ నాడే తలాక్ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. గడువు పెట్టి చేసే పెళ్లి అహ్లె సున్నత్ ఉలమాల దృష్టిలో చెల్లదు. దానికి ధర్మం పేరు పెట్టడం రెండో నేరం.

చట్టం ఇచ్చిన అండ

2006 బాల్యవివాహ నిషేధ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మైనరు బాలికను అమ్మి చేసిన పెళ్లి అసలు పెళ్లే కాదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణాను శిక్షిస్తుంది. బాధితురాలు ఒప్పుకుందన్న సాకు అక్కడ చెల్లదు. నష్టపరిహారానికి, ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. అనుమానం కలిగితే 112కు, బాలల విషయమైతే 1098కు, స్త్రీల సహాయానికి 181కు ఫోన్ చేయాలి.

బరీరా నేర్పిన పాఠం

హజ్రత్ ఆయిషా (ర) బరీరా అనే బానిస స్త్రీని కొని విముక్తి కలిగించారు. విముక్తి పొందాక, భర్త ముగీస్‌తో ఉండాలో విడిపోవాలో నిర్ణయించుకునే హక్కు ఆమెకు వచ్చింది. ముగీస్ ఆమె వెంట ఏడుస్తూ తిరిగాడు. దైవప్రవక్త (స) అతని తరఫున ఆమెకు సిఫారసు చేశారు. ఇది ఆజ్ఞా అని బరీరా అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. ఆమె వద్దంది. ఆయన బలవంతపెట్టలేదు.

చెర విడిపించడమంటే తలుపు తెరవడం ఒక్కటే కాదు, నిర్ణయాన్ని ఆమె చేతికి తిరిగి ఇవ్వడం కూడా. కాపాడిన అమ్మాయికి హడావిడిగా పెళ్లి చేయడం, అమ్మిన ఇంటికే తిరిగి పంపడం పునరావాసం అనిపించుకోవు.

దాతలు చేయగలిగినవి

1. ఒక కుట్టుమిషను ఇచ్చి ఫొటో తీసుకోవడం సులువు. కాని కోర్టు కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ప్రతి వాయిదాకు దారి ఖర్చులు, పోయిన కూలి, పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి. గది అద్దె, వైద్యం, మానసిక చికిత్స, ఆగిన చదువు కూడా ఉంటాయి. ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా ఆగకుండా అందే చిన్న మొత్తం ఆమెను నిలబెడుతుంది.

2. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో పేదలు, అప్పుల్లో మునిగినవారు, చెర నుంచి విముక్తి పొందవలసినవారు ఉన్నారు (తౌబా 60). బాధితురాలు ఏ వర్గం కిందికి వస్తుందో ఉలమాలను అడిగి ఇవ్వండి.

3. సాయం పొందిన స్త్రీ పేరు, ఫొటో అడగవద్దు. బాలల వివరాలు బయటపెట్టడం పోక్సో చట్టం ప్రకారం నేరం. లెక్కలు మాత్రం తప్పక అడగండి.

4. మీ మహల్లాలో నికాహ్‌కు ముందు వధువు వయసు ధ్రువపత్రం, వరుడి చిరునామా, మొదటి పెళ్లి వివరాలు పరిశీలించమని మసీదు కమిటీని కోరండి. బడి మానేసిన ఆడపిల్ల ఇంటికి దళారికంటే ముందు మనం వెళ్లాలి. వడ్డీలేని చిన్న అప్పు ఒక్కోసారి ఒక బిడ్డను కాపాడుతుంది.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. కాపాడబడిన ప్రతి బిడ్డా మన మధ్య తలెత్తుకు తిరిగేలా మన మనసులను విశాలం చేయుగాక. ఆమీన్.