పేరు హాజరుపట్టీలో, మనిషి గైర్హాజరు

రాజమహేంద్రవరం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి శ్రావణికి,

కొత్త ర్యామ్ స్టిక్ కొని వేసుకున్నాక నువ్వు పంపిన ఫొటో నా కళ్లజోడుకి ఆనలేదు, అమ్మమ్మ కళ్లజోడు కూడా దాని మీద పెట్టుకుని చూశాను. "ఇన్‌స్టాల్డ్ ర్యామ్ 16.0 జీబీ" అని ఉంది, పక్కనే బ్రాకెట్లో "7.92 జీబీ యూజబుల్" అని ఉంది. కింద నీ మాట: "తాతయ్యా, షాపువాడు మోసం చేశాడు. రేపు సీటీసీకి వెళ్లి కడిగేస్తా."

ఆగమ్మా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అదే బిల్డింగుకి, అదే మాట అనుకుంటూ వెళ్లి, తల దించుకుని మెట్లు దిగొచ్చినవాణ్ణి నేను. ఆ కథ తర్వాత చెబుతాను. ఇవన్నీ ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం సిగ్నలు మింగేస్తుంది. అందుకే రాస్తున్నాను. కాగితం పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టు.

ముందు ఆ రెండు అంకెల మధ్య తేడా చూడు. ఇంజినీరింగ్ పిల్లవి, నీకు ప్రాక్సీ హాజరు గురించి నేను చెప్పాలా? ర్యామ్ స్టిక్ మీద పెద్ద నల్ల చిప్స్ కాక బియ్యపుగింజంత చిన్న చిప్ ఇంకోటి ఉంటుంది. దాన్ని ఎస్‌పీడీ అంటారు. "నేను ఫలానా, నాది 8 జీబీ, నా వేగం ఇంత" అని చెప్పడమే దాని ఉద్యోగం. అది ఆ మాట చెప్పేది రెండు సన్నటి తీగల మీద. అసలు సరుకు, అంటే డేటా, వచ్చే దారి వేరు. దానికి ఒక్కో చానెల్‌కి 64 తీగలున్నాయి. చిన్న చిప్ చెప్పిన మాట విని బయోస్ హాజరుపట్టీలో 16 అని రాసేసింది. విండోస్ ఆ పట్టీనే చదివి "ఇన్‌స్టాల్డ్" అని నీకు చూపించింది. లోపలికి వెళ్లి తలలు లెక్కపెడితే ఎనిమిదే ఉన్నాయి. అదే "యూజబుల్". పేరు పలికింది, మనిషి రాలేదు.

దీన్నిబట్టి ఒక సంగతి అప్పుడే తెలిసిపోయింది. స్టిక్ బొత్తిగా చచ్చినదైతే పేరే పలికేది కాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 8 ఉండాల్సిన చోట 7.92 చూపించడం తప్పు కాదు. నీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంది, దానికి సొంత మెమరీ లేదు. ఉన్నదాంట్లోంచే కొంత తీసుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" అని ఆ లెక్క కనిపిస్తుంది. మామూలుగా అక్కడ పదులో వందలో ఎంబీలుంటాయి. నీ దాంట్లో ఎనిమిది వేల చిల్లర ఉండి ఉంటుంది, చూడు. చిల్లర తగ్గితే పోనీలే అనుకోవచ్చు. నోటుకి నోటే తగ్గితే మాత్రం వెతకాలి.

సీటీసీ కథకి ముందు నా బ్యాంకు ఉద్యోగం కథ ఒకటి. 1980ల చివర, బ్యాంకుల్లో కంప్యూటర్లు అడుగుపెడుతున్న రోజులు. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక బ్రాంచీల్లోకి లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు రావడం మొదలైంది. (ఆయనే తర్వాత రిజర్వ్ బ్యాంక్ గవర్నరయ్యారు, ఆ తర్వాత మన రాష్ట్రానికీ గవర్నరయ్యారు. మా యూనియన్‌లో ఆ కమిటీని తిట్టనివాడు లేడు. నేనూ తిట్టాను, తర్వాత ఆ యంత్రాల మీదే బతికాను.) మా బ్రాంచికి పీసీ ఎక్స్‌టీ రకం యంత్రం ఒకటి వచ్చింది. మెమరీ 256 కేబీ. జీబీ కాదు, కేబీ. దాన్ని 640 చెయ్యాలి. అప్పుడు స్టిక్కులు లేవు, విడి చిప్స్ ఒక్కొక్కటీ చేత్తో గుచ్చాలి. వరసకి తొమ్మిది: ఎనిమిది డేటాకి, తొమ్మిదోది తప్పు పట్టడానికి. మూడు వరసలు నింపాలి, 27 చిప్స్. చిప్‌కి 16 కాళ్లు. మొత్తం 432 కాళ్లలో ఒక్కటి మడతపడినా కథ కంచికే.

స్విచ్ వేశాను. ఆ యంత్రం మెమరీని తెర మీద పైకే లెక్కపెట్టేది, 64 కేబీ, 128 కేబీ అంటూ. 256 దగ్గర ఆగిపోయింది. కాళ్లు మడతపడ్డాయనుకుని 27 చిప్సూ పీకి మళ్లీ పెట్టాను. 256. మళ్లీ పీకాను. 256. రాత్రి పదకొండు దాటింది, మేనేజరు గారు తాళాలు పట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నే మా సీనియర్ ఒకాయన వచ్చి, బోర్డు మీద వరసగా ఉన్న బుల్లి స్విచ్‌లలో రెండింటిని బాల్‌పెన్ మొనతో అటు నుంచి ఇటు జరిపారు. తెర 640 దాకా లెక్కపెట్టింది. ఆ రోజుల్లో ఎన్ని వరసలున్నాయో యంత్రం కనుక్కునేది కాదు, ఆ స్విచ్‌లతో మనమే చెప్పాలి. చెప్పకపోతే చిప్స్ ఉన్నా లెక్కలోకి రావు. ఆయన నన్ను తిట్టలేదు. "లెక్క ఎక్కడ ఆగిందో చూశావు గానీ, లెక్కపెట్టేది ఎవరో చూడలేదు" అని మాత్రం అన్నారు.

ఇంత రాయడం ఆ ఒక్క మాట కోసమే. నీ యంత్రంలో లెక్కపెట్టేవాళ్లు ఒకరు కాదు. ముందు బయోస్ లెక్కపెడుతుంది, తర్వాత విండోస్. నువ్వు చివరివాడి లెక్క చూసి అందరికంటే ముందున్న షాపువాణ్ణి పట్టుకుంటున్నావు.

సీటీసీ కథా ఇలాంటిదే. మీ నాన్న కోసం ఎక్స్‌పీ ఉన్న మెషీన్లో 4 జీబీ వేయించాను. ఇంటికొచ్చి చూస్తే 3.25. ముప్పావు జీబీ కొట్టేశారని మర్నాడే వెళ్లి గొడవ పెట్టుకున్నాను. కౌంటర్లో కుర్రాడు, నీ వయసే ఉంటుంది, మారుమాట లేకుండా వేరే బోర్డులో పెట్టి బయోస్ తెరిచి చూపించాడు: 4096 ఎంబీ. 32 బిట్ విండోస్ వేయగలిగే డోర్ నంబర్లు రెండు పవర్ ముప్పైరెండు, అంటే 4,294,967,296. కచ్చితంగా 4 జీబీ. ఆ నంబర్లలోంచే గ్రాఫిక్స్ కార్డుకీ మిగతా కార్డులకీ కూడా కేటాయించాలి. వాటికి ఇచ్చినన్ని నంబర్లు ర్యామ్‌కి తగ్గుతాయి. ఇళ్లున్నాయి, నంబర్లు లేవు, ఉత్తరం అందదు. "అంకుల్, 64 బిట్ వేసుకోండి" అన్నాడు. టీ కూడా తెప్పించాడు. ఆ టీ గొంతు దిగలేదు. నీది 64 బిట్టే, కాబట్టి ఈ గొడవ నీకు లేదు.

ఇక పని. స్క్రూడ్రైవర్ ముట్టకముందే చెయ్యాల్సినవి రెండున్నాయి.

ఒకటి, మెషీన్ రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లు. డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతుంటే వస్తుంది. మొదటి పేజీలో మొత్తం మెమరీ ఎంత ఉందో చూసి రాసుకో, అక్కడ కనిపించేది హాజరుపట్టీ లెక్క కాదు, తలల లెక్క. రెండు, విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి, "మ్యాగ్జిమమ్ మెమరీ" పక్కన టిక్ ఉందేమో చూడు. ఉంటే తీసేసి రీస్టార్ట్ చెయ్యి. వేగం పెరుగుతుందని ఎవరో చెబితే ఆ టిక్ పెట్టుకుని, ఎప్పుడో కొత్త ర్యామ్ కొన్నాక తిప్పలుపడేవాళ్లు చాలామందున్నారు. నీది సెకండ్‌హ్యాండ్ మెషీన్, పాత యజమాని ఏం చేశాడో మనకేం తెలుసు.

బయోస్ 16 అంటే తగువు విండోస్‌తో. 8 అంటే ఇనుముతో. నాకెందుకో 8 అనే అనిపిస్తోంది.

8 అయితే క్యాబినెట్ తెరువు. కరెంటు ప్లగ్గు పీకేశాక పవర్ బటన్ ఓసారి నొక్కు, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుమును తాకి తర్వాతే స్టిక్‌ని పట్టుకో, అదీ అంచులతో. నీకున్నవి రెండు స్టిక్కులు, రెండు స్లాట్లు. అంటే నాలుగు పరీక్షలు: పాతది మొదటి స్లాట్లో ఒంటరిగా, అదే రెండో స్లాట్లో, తర్వాత కొత్తదీ అలాగే. ప్రతిసారీ ఏమొచ్చిందో రాయి. బుర్రలో గుర్తుపెట్టుకుంటాననకు, మూడోసారికి కలగాపులగమైపోతుంది. కొత్తది రెండు స్లాట్లలోనూ పనిచెయ్యకపోతే షాపుకి వెళ్లు, నా ఆశీర్వాదంతో వెళ్లు. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్ మొరాయిస్తే మాత్రం షాపువాడికి సంబంధం లేదు.

స్టిక్ పెట్టేటప్పుడు చివర లాచ్ "టక్" అనాలి. భయపడి సగం నొక్కి వదిలేసేవాళ్లే ఎక్కువ. బంగారు రంగు పళ్లు మసకబారితే మన రిపేరు షాపుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. నేనూ రుద్దాను, పనిచేస్తుంది. కానీ ఆ రబ్బరు పొడి స్లాట్లో పడితే కొత్త జబ్బు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బట్ట మేలు. ఒక స్టిక్ 3200, రెండోది 2666 అని మీ రూమ్మేటు ఏదో సందేహం పెట్టిందన్నావు. రెండూ తక్కువ వేగానికి దిగి నడుస్తాయంతే, దానివల్ల సైజు తగ్గదు.

ఇప్పుడు నా అసలు అనుమానం. పోయిన నెల ఎండలకి తట్టుకోలేక పెద్ద కూలరు బిగించానని రాశావు, గుర్తుందా? నాలుగు మూలలా స్క్రూలున్నది. మా రోజుల్లో మెమరీని చూసుకునే చిప్ బోర్డు మీద విడిగా ఉండేది. ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో 2008 నుంచి అది ప్రాసెసర్ లోపలికే వెళ్లిపోయింది. నీ సాకెట్ ఎల్‌జీఏ 1200. పేరులో ఉన్నట్టే అందులో 1200 సన్నటి పిన్నులు, వెంట్రుకల్లాంటివి. ప్రాసెసర్ వాటి మీద పడుకుని ఉంటుంది. వాటిలో కొన్ని పిన్నులు రెండో స్లాట్ దారివి, అంటే రెండో చానెల్‌వి. కూలరు ఒక మూల ఎక్కువ బిగుసుకుంటే, ఎదురు మూల ప్రాసెసర్ ఒక పిసరు లేస్తుంది. అక్కడి పిన్నులు అందవు. మెషీన్ ఆన్ అవుతుంది, సినిమాలు ఆడుతుంది, అన్నీ బాగానే ఉంటాయి, ఒక్క చానెల్ మాత్రం మాయం. అంతకాలం నీకున్నది ఒకటే స్టిక్, అదీ మొదటి చానెల్‌లోనే ఉంది కాబట్టి నీకు తెలిసే అవకాశం లేదు.

రెండో స్లాట్ ఏ స్టిక్‌కీ పలకకపోతే, మళ్లీ ప్లగ్గు పీకి, నాలుగు స్క్రూలనూ పావు చుట్టు చొప్పున వదులు చెయ్యి. కారు చక్రం నట్లలాగా ఎదురెదురు మూలల వరసలో. కూలరు పైకి లేపకు. లేపితే మధ్యలో ఉన్న పేస్టు తుడిచి కొత్తది రాయాల్సి వస్తుంది. తర్వాత రెండు స్టిక్కులూ పెట్టి బయోస్ చూడు. అయినా 8 అంటే ప్రాసెసర్ ఎత్తి పిన్నులు చూడాలి. ఆ పని నువ్వు చెయ్యొద్దు. వంగిన పిన్ను సరిచెయ్యబోయి పక్కది విరగ్గొట్టిన వాళ్లలో మీ తాతయ్య కూడా ఉన్నాడు. అది భూతద్దం, ఓపిక రెండూ ఉన్న రిపేరు మనిషి చేతికివ్వు.

16 వచ్చినా సంబరపడి సైడు మూత బిగించెయ్యకు. మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా నడవనివ్వు. పేరు పలకడం వేరు, పాఠం అప్పజెప్పడం వేరు. ఎర్ర గీత ఒక్కటి కనిపించినా స్టిక్కులను విడివిడిగా నడిపి చూడు, తప్పు చూపిన స్టిక్కు వద్దు.

బిల్లు మాత్రం జాగ్రత్త. స్టిక్ మీద అంటించిన వారంటీ స్టిక్కరు చింపకు.

అమ్మమ్మ ఆత్రేయపురం పూతరేకులు తెప్పించింది, వచ్చే వారం మీ బాబాయి హైదరాబాద్ వస్తున్నాడు, పంపిస్తాం. డబ్బా స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టకు, చీమలు పడితే మెషీన్లోకి కూడా వెళ్తాయి. నాకు ముందు బయోస్ చూపించిన అంకె రాయి. తర్వాత నాలుగు పరీక్షల కాగితం ఫొటో తీసి పంపు, ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో.

నీ
తాతయ్య