అంకెలు చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు



“మా బాబు వన్ నుంచి హండ్రెడ్ వరకు గడగడా చెప్పేస్తాడు మేడమ్” అని ఎల్‌కేజీ, యూకేజీ తల్లిదండ్రులు తరచూ చెబుతుంటారు. సంతోషించాల్సిందే. కానీ అది పాట నేర్చుకోవడం లాంటిది. లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది.

ఇంట్లో ఒకసారి ఇలా చూడండి. ఏడు చింతగింజలు వరసగా పెట్టి లెక్కపెట్టమనండి. ఒక్కో గింజను ముట్టుకుంటూ ఒక్కో అంకె చెబుతున్నారా? లేక వేలు ఒక గింజ మీద ఉంటే నోరు రెండు అంకెలు దాటేస్తోందా? అయ్యాక “మొత్తం ఎన్ని?” అని అడగండి. వెంటనే “ఏడు” అంటే, చివర చెప్పిన అంకే మొత్తమని తెలిసినట్టు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ఆ విషయం ఇంకా అందలేదన్నమాట. ఈ వయసులో అది మామూలే, కోప్పడకండి. అయితే అది అందకుండా వంద దాటించి రెండు వందలకు పరుగెత్తిస్తే ఒకటో తరగతి కూడికల్లో, తీసివేతల్లో ఇబ్బంది పడేది పిల్లలే.

“ఇంగ్లిష్ మీడియం కదా, ఇంట్లో తెలుగు అంకెలు చెబితే తికమకపడరా?” అని కొందరు అడుగుతారు. 17నే తీసుకోండి. ‘సెవెంటీన్’లో ముందు ఏడు వినిపిస్తుంది. అందుకే కొందరు పిల్లలు 71 అని రాసేస్తారు. ‘పదిహేడు’లో ముందు పది, తర్వాత ఏడు. రాసే వరసా అదే. రెండు పేర్లూ తెలిసిన పిల్లలకు పదులు, ఒకట్లు చెప్పడం మాకూ తేలిక.

రోజుకు పది నిమిషాలు చాలు:

• భోజనాల వేళ “మనం నలుగురం, ఎన్ని కంచాలు కావాలి?” అని అడిగి, వాళ్లచేతే పెట్టించండి.
• ఉతికిన సాక్సులు జతలు కలపమనండి. ఎన్ని జతలు, ఎన్ని సాక్సులు?
• మెట్లు ఎక్కుతూ ఒకటి నుంచి పది, దిగుతూ పది నుంచి ఒకటి.
• సెలవు రోజున వామనగుంటలు ఆడండి. గుంటకో గింజ వేయడమే ‘ఒకదానికి ఒకటి’ అనే పాఠం. గింజలు నోట్లో పెట్టుకోకుండా పక్కనే ఉండండి.

కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలంటోంది. ఆ పునాది మీ వంటింట్లోనే పడుతుంది.

వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో “ఎంతవరకు చెబుతున్నాడు?” అని కాకుండా, “మొత్తం ఎన్ని అంటే చెప్పగలుగుతున్నాడా?” అని మమ్మల్ని అడగండి.