బరువెత్తేటప్పుడు ఊపిరి – మెదడులోని ఒత్తిడి

మన అవయవాలలో మెదడు స్థానం విశిష్టమైనది. అది ఏమాత్రం సాగని ఎముకల పేటికలో అమరి ఉన్నది. ఆ పేటికలో సుమారు 80 శాతం మెదడు, 10 శాతం రక్తం, 10 శాతం మెదడును ఆవరించిన ద్రవం ఉంటాయి. వీటిలో ఒకటి పెరిగితే తక్కినవి తగ్గి చోటివ్వాలి. లేనిచో లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పడుకొని ఉన్న ఆరోగ్యవంతులైన పెద్దలలో ఈ ఒత్తిడి పాదరసమానంలో సుమారు 7 నుండి 15 మిల్లీమీటర్లు. దగ్గినపుడు, తుమ్మినపుడు అది క్షణకాలం పెరిగి మరల తగ్గుతుంది.

నీళ్లు నిండిన బిందెను ఎత్తేటప్పుడు, మలబద్ధకంతో ముక్కేటప్పుడు మనకు తెలియకుండానే గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట కండరాలను బిగబడతాము. దీనిని వైద్యులు ‘వల్సాల్వా ప్రక్రియ’ అంటారు. ఇటలీ దేశపు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఆంటోనియో మారియా వల్సాల్వా (1666–1723) చెవిని గురించి 1704లో ప్రచురించిన గ్రంథంలో దీనిని వర్ణించినందున ఆ పేరు వచ్చినది.

ఇట్లు బిగబట్టినపుడు ఏమి జరుగుతుంది? ఛాతీలోను, ఉదరంలోను ఒత్తిడి పెరుగుతుంది. తల నుండి గుండెకు దిగవలసిన రక్తానికి దారి ఇరుకవుతుంది. రక్తం పుర్రెలో నిలిచి, మెదడుపై ఒత్తిడి హెచ్చుతుంది. వెన్నెముక లోపలి సిరల ద్వారా కూడా ఆ ఒత్తిడి పైకి ప్రసరిస్తుంది. అదే సమయంలో ధమనులలో రక్తపోటు కూడా పెరుగుతుంది. అత్యధిక బరువులను కాళ్లతో నెట్టిన వ్యాయామకారులలో కెనడా పరిశోధకులు 1985లో ప్రకటించిన సగటు రక్తపోటు 320/250. బిగబట్టడం కొనసాగితే గుండెకు చేరే రక్తం తగ్గి, రక్తపోటు పడిపోతుంది. ఊపిరి వదలిన క్షణంలో అది మరికొంత తగ్గి, ఆపై ఒక్కసారిగా పైకి లేస్తుంది. కొందరికి కళ్లు బైర్లు కమ్మడం, తల తిరగడం ఇందువల్లనే.

అయితే దీనిని చూచి అందరూ భయపడనక్కరలేదు. రక్తనాళం లోపల ఒత్తిడి పెరిగినపుడే దాని వెలుపల, పుర్రెలో కూడా ఒత్తిడి పెరుగుతుంది. కనుక నాళపు గోడపై పడే భారం కొంత సమమవుతుంది. ఆరోగ్యవంతులలో కొద్ది క్షణాల బిగింపు సాధారణంగా హాని చేయదు. అధిక రక్తపోటు, గుండె జబ్బు, మెదడు రక్తనాళంలో ఉబ్బు, గ్లాకోమా, హెర్నియా ఉన్నవారు, ఇటీవల పక్షవాతం వచ్చినవారు, కంటికి గాని మెదడుకు గాని శస్త్రచికిత్స జరిగినవారు మాత్రం జాగ్రత్త వహించాలి.

పాటించవలసిన సూత్రం సులభమైనది: శ్రమపడే క్షణంలో ఊపిరి వదలాలి. బరువు ఎత్తేటప్పుడు నోటితో మెల్లగా గాలి విడవాలి. దించిన పిదప పీల్చాలి. పల్లకి మోసే బోయీలు లయగా కేకలు వేయడాన్ని, పడవవారు ‘హైలెస్సా’ అనడాన్ని గమనించండి. అడుగులు, చేతులు కలపడానికే ఆ కేక అయినా, గొంతు తెరిచి పలికేవాడు ఊపిరి బిగబట్టలేడు కదా! కొండ మెట్లు ఎక్కేవారు మాట్లాడగలిగినంత నెమ్మదిగా ఎక్కడం మేలు. సాష్టాంగ నమస్కారం చేసి లేచేటప్పుడు కొద్దిసేపు కూర్చుని, ఆపై నిలబడాలి. మలబద్ధకం ఉన్నవారు తగినంత నీరు, ఆకుకూరలు, పండ్లు తీసుకొని ముక్కడాన్ని నివారించుకోవాలి. కుంభకం అభ్యసించేవారు గురువు పర్యవేక్షణలోనే, బలవంతం లేకుండా చేయాలి; పైన చెప్పిన వ్యాధులున్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

శ్రమించేటప్పుడు మునుపెన్నడూ ఎరుగనంత తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చేయి కాలు బలహీనమైనా ‘అలసట’ అని సరిపెట్టుకొనరాదు. విశ్రాంతితో తగ్గుతుందని వేచి ఉండక, తక్షణం 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. అట్టి వేళలో గడిచే ప్రతి నిమిషమూ అమూల్యమైనదే.