పాత యింటి గదులకు క్రొత్త సొంపు

లాలాగూడలో రైలు కర్మాగారము 1893లో వెలసెను. ఆ కాలపు గోడలు సాధారణముగా సున్నముతో గట్టినవి. పాత యింటిని క్రొత్తగా దిద్దుకొనువారు ముందీ సంగతి నెఱుగవలెను. తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయియగును. అయినను దానియందలి సన్నని రంధ్రములగుండ గోడలోని తేమ ఆరిపోవును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోన జిక్కుకొని, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలును. పెట్టిన ధనమంతయు వానకాలము పాలగును.

కావున ముందుగదికి మెఱుపురంగు మాని వెల్లవేయుదము. నీలిమందు కొంచెము గలిపిన తెలుపు కన్నుల కింపు. తుమ్మబంక చేర్చినచో చేతి కంటదు. సున్నము తడుపునప్పుడు కుతకుత నుడుకును గనుక పిల్లలు దూరముగా నుండవలెను.

పడకగదిలో బీరువాను గోడకు జేరవేయక జానెడు ఎడముంచిన జాలును.

వంటయిల్లే మిక్కిలి చిక్కు. మసిని గీకి, కడిగి, ఆరనిచ్చిన పిదపనే వెల్లవేయవలెను. లేనియెడల మఱకలు తెలుపునుండి గోధుమవన్నెగా బైకి దేలును. పొగపోవు పై కిటికీని మూసి అలమర చేయు నేటి వాడుక మాకు సమ్మతము గాదు.

ఇక మిద్దె కారుచున్న యింట ఈ పనులేవియు మొదలుపెట్టరాదు. తొలుత తూములు బాగుచేయించవలెను.