వర్తకుని పక్షమున నిలిచెడి బ్యాంకు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటి తార్నాకలో ఒక విద్యార్థి ఐదువందల రూపాయల పుస్తకమును డెబిట్ కార్డుతో కొన్నాడనుకొందము. యంత్రము రసీదు నిచ్చినంతనే దుకాణదారునకు డబ్బు ముట్టినదని తలచుట సహజము. నిజమునకు అప్పటికి వచ్చినది అనుమతి మాత్రమే.

ఆ అనుమతిని అడిగి తెచ్చినది ‘అక్వైరింగ్’ బ్యాంకు, అనగా వర్తకుని పక్షమున సొమ్ము రాబట్టు బ్యాంకు. వీసా, రూపే వంటి వ్యవస్థల ద్వారా అది కార్డు జారీ చేసిన బ్యాంకును ప్రశ్నించును. సొమ్ము వర్తకుని ఖాతాకు చేరుట సాధారణముగా మరునాడే. ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టిన కాలమున వర్తకులు కాగితపు చీటీలనే బ్యాంకునకు మోసుకొనిపోయెడివారు.

ఈ సేవకు రుసుము కలదు. ఏటా 20 లక్షల రూపాయల వరకు అమ్మకములు గల చిన్న వర్తకునకు, డెబిట్ కార్డు యంత్రముపై 0.40 శాతము మించరాదని రిజర్వు బ్యాంకు 2018 జనవరి 1 నుండి నియమించినది. మన పుస్తకమునకు అది రెండు రూపాయలు. 2020 జనవరి నుండి రూపే డెబిట్ కార్డులకు అదియును లేదు.

రుసుము కన్న పెద్దది పూచీ. కొనుగోలుదారుడు వివాదము లేవనెత్తి నెగ్గినచో వర్తకుడు సొమ్ము తిరిగి ఈయవలెను. అతడు దుకాణము మూసి వెడలిపోయినచో ఆ నష్టము అక్వైరింగ్ బ్యాంకుపై పడును. యంత్రము నిచ్చుటకు ముందు బ్యాంకు అన్ని పత్రములు అడుగుట చిరువర్తకునకు వేధింపుగా తోచును గాని, కారణ మిదియే. ఆ వర్తకుడును రసీదు ప్రతులను దాచుకొనవలెను. వివాదము వచ్చిన నాడు బ్యాంకు మొదట అడుగునది వానినే.